సఖి లేని విరహం: బైరన్ కవిత చదివి ఏడుస్తున్న అమ్మాయికి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఎం.ఏ. ఇంగ్లిష్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాకు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ కవి బైరన్ రాసిన ‘వెన్ వి టూ పార్టెడ్’ అనే పోయెమ్ ఉంది. ఈ కవితలో విఫలప్రేమ వేదన ఎలా వ్యక్తమైందో వివరించమని ఇంటర్నల్స్‌లో ఇచ్చారు. ప్రేయసి దూరమైనందుకు కవి చాలా బాధపడుతున్నాడనీ, ఆమె మాట తప్పిందనీ, మళ్ళీ కనిపిస్తే కన్నీళ్ళే మిగులుతాయనీ రాశాను. పదికి నాలుగు వచ్చాయి. ‘ఇది కథ. ఎలా అన్నదానికి జవాబేదీ?’ అని సార్ ఎర్ర ఇంకుతో రాశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డిగ్రీలో నేను ఒకబ్బాయిని ప్రేమించాను. మా ఇద్దరికీ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఫైనలియర్ అయ్యాక విడిపోయాం. ఇప్పుడు అతనికి పెళ్ళి కుదిరిందట. మా పాత క్లాస్ వాట్సాప్ గ్రూపులో రోజూ అదే గోల. కట్నం కోసం ఒప్పుకున్నాడని ఒకరు, ముందునుంచీ ఆ అమ్మాయితోనే తిరిగేవాడని ఇంకొకరు. నేనూ అందరిలాగే నవ్వే ఎమోజీలు పెడుతున్నాను. పోయెమ్ తెరిస్తే అచ్చం నా గురించే రాసినట్టుంది. రెండో చరణం దాటకుండానే ఏడుపొచ్చేస్తోంది. పరీక్షకి ఇది వదిలేసి వేరేది చదువుకోమంటారా? ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం.

జవాబు: వదిలేయకు. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే నీది కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

రెండు వేర్వేరు సంగతులు రాశానని నువ్వు అనుకుంటున్నావు. నాకు మాత్రం రెండూ ఒకటే అనిపించాయి. మీ సార్ అడిగిన ‘ఎలా’కి జవాబు నీ వాట్సాప్ గ్రూపులోనే ఉంది. ఏడుపొస్తున్న చోట నవ్వే ఎమోజీ పెడుతున్నావు చూడు, ఆ స్థితి మీదే ఈ కవిత నిలబడింది. ప్రేమ పోవడం ఒక బాధ. పోయిందని పైకి చెప్పుకునే హక్కు లేకపోవడం మరో బాధ. లోకంలో విఫలప్రేమ కవితలు చాలావరకు మొదటి బాధ గురించి ఉంటాయి. బైరన్ రాసింది రెండోదాని గురించి.

ఈ కాలమ్ చదివే అందరికీ ఈ కవిత తెలిసి ఉండదు కాబట్టి నాలుగు మాటల్లో చెప్తాను. ఎనిమిదేసి పాదాల చరణాలు నాలుగు, అంతే. మొదటి చరణంలో ఇద్దరూ మౌనంగా, కన్నీళ్ళతో విడిపోతారు. ఆమె చెంప పాలిపోయి చల్లబడుతుంది, ముద్దు ఇంకా చల్లగా ఉంటుంది. రెండో చరణంలో ఆనాటి పొద్దుటి మంచు అతని నుదుటి మీద పడుతుంది. ఇవాళ తనకు కలగబోయే బాధకు అదే హెచ్చరికలా అనిపించిందంటాడు. ఆమె మాట తప్పింది, పేరు పోగొట్టుకుంది. ఆ పేరు వినపడితే అవమానంలో అతనికీ వాటా ఉంటుంది. మూడో చరణంలో అతని ముందే నలుగురూ ఆమె గురించి మాట్లాడుకుంటారు. నాలుగోదాంట్లో, చాలా ఏళ్ళ తర్వాత నువ్వు ఎదురైతే ఎలా పలకరించను అని తనను తానే అడుగుతాడు. మౌనంతో, కన్నీళ్ళతో అని తానే చెప్పుకుంటాడు.

నీకు రెండో చరణం దగ్గరే ఏడుపొస్తోందన్నావు. కవితకి గుండెకాయ మాత్రం మూడోది. అక్కడికి వెళ్ళాలి నువ్వు. ‘దే నో నాట్ ఐ న్యూ దీ, హూ న్యూ దీ టూ వెల్’ అంటాడు. నువ్వు నాకు తెలుసన్న సంగతి వాళ్ళకి తెలియదు, నాకేమో నువ్వు మరీ ఎక్కువగా తెలుసు అని. ఆ గదిని ఊహించుకో. నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఒక స్త్రీ గురించి లోకాభిరామాయణంలా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళకి అది కాలక్షేపం. పక్కన కూర్చున్నవాడికి మాత్రం ఆ పేరు చెవిలో చావుగంటలా మోగుతోంది. వణుకు పుట్టుకొస్తోంది, అయినా ముఖం కదలకూడదు. లేచి వెళ్ళిపోతే అనుమానం, ఆమె తరఫున మాట్లాడితే ఇంకా అనుమానం. అందుకే కూర్చునే ఉంటాడు. సరిగ్గా అదే చోట ‘నువ్వెందుకంత ప్రియమైనదానివయ్యావు?’ అని లోపల్లోపల ఆమెను అడుగుతాడు.

పెన్ను పట్టుకుని చూడు, కవిత మొత్తంలో ప్రశ్నలు రెండే. ఎందుకంత ప్రియమైనదానివయ్యావన్నది మొదటిది, దానికి జవాబు రాదు. ఎలా పలకరించనన్నది రెండోది. దానికి జవాబు వస్తుంది గానీ అందులో కొత్తేమీ లేదు. రెండో పాదంలో విడిపోయేటప్పుడు ఏ మౌనం, ఏ కన్నీళ్ళు ఉన్నాయో చివరి పాదంలోనూ అవే. ప్రాసలో కూడా ఈ ఆట ఆడాడు. మొదటి చరణంలో ముందు ‘టియర్స్’, తర్వాత ‘యియర్స్’ వస్తాయి. చివరి చరణంలో అవే రెండూ తిరగబడి ముందు ‘యియర్స్’, ఆ తర్వాత ‘టియర్స్’ వస్తాయి. ఇన్నేళ్ళు గడిచినా మనిషి బయల్దేరిన చోటుకే వచ్చాడని ఒక్క మాట వివరించకుండా ప్రాసతోనే చెప్పేశాడు. మీ సార్ ‘ఎలా’ అని అడిగింది ఇలాంటివి.

పాదాల పొడవు కూడా గమనించు. ఇంగ్లిష్‌లో గంభీరమైన కవితలకు సాధారణంగా పది సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే మాట ముక్కలు) ఉన్న పాదం వాడతారు. ఇక్కడ ఒక్కో పాదం నాలుగు నుంచి ఆరు సిలబుల్స్ దాటదు, చాలాచోట్ల ఊనికలు, అంటే ఒత్తి పలికే చోట్లు, రెండే. ‘వెన్ వి టూ పార్టెడ్ / ఇన్ సైలెన్స్ అండ్ టియర్స్’ అని గట్టిగా చదువు. గొంతు పూడుకుపోయినవాడు మాట్లాడినట్టు ఉంటుంది. ఒక ముక్క అనడం, ఆగడం, ఇంకో ముక్క అనడం. పొడవాటి వాక్యం మొదలుపెడితే మధ్యలో ఏడుపు బయటపడుతుందని భయం ఉన్నవాడు అలాగే మాట్లాడతాడు. మొదటి చరణం చివర్లో పాదాలు ఎలా కురచబడిపోయాయో చూడు. ‘కోల్డర్ దై కిస్’, ‘సారో టు దిస్’ నాలుగేసి సిలబుల్సే.

రొమాంటిక్ కవిత్వం (ప్రేమ కవిత్వమని కాదు, బైరన్ కాలపు ఇంగ్లిష్ కవితోద్యమం) అనగానే మన నోట్సులన్నీ వర్డ్స్‌వర్త్ 1800లో ‘లిరికల్ బాలడ్స్’ అనే కవితల పుస్తకం ముందుమాటలో అన్న మాట దగ్గర మొదలవుతాయి. బలమైన అనుభూతులు తమంతట తాము పొంగిపొర్లడమే కవిత్వం అన్నాడాయన. పిల్లలు ప్రతి రొమాంటిక్ కవితకీ ఆ వాక్యం అతికించేస్తారు. నువ్వూ అతికించే ఉంటావు. ఈ కవితలో ఏదీ పొంగిపొర్లదు. పొర్లకుండా పళ్ళు బిగబట్టడమే ఇక్కడ కనిపిస్తుంది. ప్రకృతి వర్ణన అంటావా, ఉన్నదల్లా పొద్దుటి మంచు ఒక్కటే. ఆమె ఎలా ఉండేదో ఒక్క ముక్క లేదు. కళ్ళు, జుట్టు, నడక, నవ్వు ఏవీ లేవు. పేరు లేదు, ఊరు లేదు, ఎందుకు విడిపోయారో లేదు. రహస్యం దాచుకోవాల్సినవాడు రాసిన కవిత కాబట్టి గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటి కూడా మిగల్చలేదు. అందుకే రెండు వందల ఏళ్ళ తర్వాత రాజమండ్రిలో నువ్వు చదివితే నీ గురించే అనిపించింది.

ఇంకొకటుంది. ఇది తెలుగు చదివినవాళ్ళకి తొందరగా తట్టాలి. మన ప్రబంధాల్లో విరహం అంటే తాపం. నాయిక ఒళ్ళు కాలిపోతుంటుంది, వెన్నెల నిప్పులు కురుస్తుంది, చెలికత్తెలు గంధం పూస్తారు, తామరాకులు పరుస్తారు, విసనకర్రలతో విసురుతారు. శైత్యోపచారాలని వాటికో పేరే ఉంది. బైరన్ దగ్గర అంతా చలి. చెంప చల్లబడింది, ముద్దు ఇంకా చల్లబడింది, మంచు నుదుటిని తాకింది, ఒళ్ళు వణికింది. తాపం ఉన్నచోట ప్రాణం ఉన్నట్టే, కలుస్తామన్న ఆశ ఉన్నట్టే. ఇక్కడి చలి శవాన్ని తాకిన చలి. చర్చిలో చావుగంట కొట్టేది మనిషి పోయాక. ఆమె ఎక్కడో బతికే ఉంది, ఇతను మాత్రం పోయినవాళ్ళకి ఏడ్చినట్టు ఏడుస్తున్నాడు. అదీ పైకి కాదు.

చెలికత్తెలన్నాను కదా, నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అక్కడుంది. క్షేత్రయ్య పదాలు ఏవైనా విని ఉంటే గుర్తు తెచ్చుకో. మువ్వగోపాలుడు రాలేదనో, వేరొకతె ఇంటికి వెళ్ళాడనో నాయిక కోపంతో, సిగ్గుతో, ఏడుపుతో చెప్పుకుంటుంది. ఎవరికి? చాలాసార్లు సఖికి. వినేమనిషి పక్కన ఉంటుంది. ఆమె మాట్లాడకపోయినా ఆమె ఉండబట్టే పదం పుడుతుంది. బైరన్ కవితలో సఖి లేదు. ఉన్నది వినని ప్రేయసి, తెలియని నలుగురు. ఈ సంగతి చెప్పడానికి ఒక్క చెవి దొరకలేదు కాబట్టే ‘నీ హృదయం మరచిపోగలిగిందని మౌనంగా దుఃఖిస్తాను’ అన్నాడు. కలుసుకున్నది రహస్యంగా, ఏడుస్తున్నది మౌనంగా. నాలుగో చరణం మొదటి రెండు పాదాలు ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టాయి. దాచిన ప్రేమకి దాచిన దుఃఖమే దక్కుతుందని లెక్క తేలినట్టు.

ఇంతవరకు కవిత. ఇక కవి సంగతి. ఇది పరీక్షకి ఎంత అవసరమో తర్వాత చెప్తాను, నీకు మాత్రం చాలా అవసరం.

ఈ కవిత వెనకున్న స్త్రీ పేరు లేడీ ఫ్రాన్సిస్ వెడర్‌బర్న్ వెబ్‌స్టర్ అని పండితులు తేల్చారు. బైరన్ స్నేహితుడు జేమ్స్ వెబ్‌స్టర్ భార్య. 1813 శరత్కాలంలో యార్క్‌షైర్‌లో ఆ దంపతులున్న ఆస్టన్ హాల్‌కి బైరన్ అతిథిగా వెళ్ళాడు. బిలియర్డ్స్ గదిలో చీటీలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే భర్తకి వెయ్యి పౌండ్లు అప్పు కూడా ఇచ్చాడు మహానుభావుడు. సంబంధం ఎంతవరకు వెళ్ళిందన్నదానికి మనకున్నది బైరన్ మాటే. హద్దు దాటలేదని తన ఉత్తరాల్లో రాశాడు.

ఆ ఉత్తరాలు ఎవరికనుకున్నావు? లేడీ మెల్బోర్న్ అని, అరవై దాటిన ఒక తెలివైన పెద్దావిడకి. ఇవాళ ఇలా జరిగింది, చీటీ ఇలా అందించాను, భర్త సరిగ్గా అప్పుడే గదిలోకి వచ్చాడు అని వెంటవెంటనే పూసగుచ్చినట్టు రాశాడు. కొన్నిచోట్ల నవ్వొస్తుంది కూడా. అంటే కవితలో లేని సఖి జీవితంలో ఉంది! మౌనంగా దుఃఖిస్తానన్న మనిషి మౌనంగా ఏమీ లేడు. దీన్ని అబద్ధం అనను. కవిత తన బాధలోంచి ఒక్క పార్శ్వాన్నే తీసుకుంటుంది, తీసుకోనివ్వు. కానీ ఈ కవితను జీవితానికి నమూనాగా పెట్టుకోబోయేవాళ్ళకి ఆ ఉత్తరాల కట్ట సంగతి తెలిసి ఉండాలి.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1815 జూన్‌లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం. ఆ రోజుల్లో ఫ్రాన్సిస్‌కీ ఆ యుద్ధం గెలిచిన సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌కీ సంబంధం ఉందని పుకారు లేచింది. లండన్ పత్రిక ఒకటి ఆ కథ వేసింది. బైరన్ చెవిన పడ్డ ‘పేరు’ ఇదే. కవిత 1815లోనే రాశాడని పండితుల అభిప్రాయం. అప్పటికి బైరన్ పెళ్ళయి నెలలే అయింది. ఆ జనవరి 2న ఆనబెల్లా మిల్బాంక్‌ని చేసుకున్నాడు, డిసెంబర్ 10న కూతురు అడా పుట్టింది. ఒక పెళ్ళయిన మగవాడు, తన స్నేహితుడి భార్యని, నువ్వు మాట తప్పావని నిందిస్తున్నాడన్నమాట. చదివేటప్పుడు ఇది గుర్తుంటే రెండో చరణం నీకు కాస్త వేరుగా వినిపిస్తుంది.

వెబ్‌స్టర్ దంపతుల వైపు నుంచి ఆ పత్రిక మీద పరువునష్టం దావా పడింది. 1816లో కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చి రెండు వేల పౌండ్లు ఇప్పించింది. ఆ కాలంలో అది పెద్ద మొత్తం. నిజంగా ఏం జరిగిందన్నది వేరే సంగతి. పత్రిక మాత్రం తాను రాసింది నిలబెట్టుకోలేకపోయింది. గదిలో నలుగురు అనుకున్నమాట విని కవి గంట మోగించేశాడు, ఆమెను అడిగిన దాఖలా కవితలో ఎక్కడా లేదు. ‘దే నేమ్ దీ బిఫోర్ మీ’, నా ముందే వాళ్ళు నీ పేరెత్తుతారు అంటాడు. ఆ ‘దే’ ఎవరు? వాళ్ళకేం తెలుసు? కవిత ఆ ప్రశ్నే వేసుకోదు. ఆమెకి ఇందులో ఒక్క మాట కూడా లేదు.

విడ్డూరం ఏమిటంటే 1816లో ఈ కవిత అచ్చయ్యేనాటికి బైరన్ పేరే లండన్ అంతా చెడ్డగా మోగుతోంది. భార్య విడిపోయింది, రకరకాల పుకార్లు, చివరికి ఏప్రిల్ 25న ఇంగ్లండ్ వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. 1824లో గ్రీస్‌లో పోయాడు, అప్పటికి ముప్పై ఆరేళ్ళు.

కవిత మీద 1808 అని తప్పుడు తేదీ కూడా వేశాడు. ఎవరి గురించో ఎవరికీ అందకూడదని. 1808 అంటే ఆయన ఇరవయ్యేళ్ళ కుర్రాడు, ఏదో తొలి ప్రేమ అనుకుంటారు చదివినవాళ్ళు. మౌనం గురించి రాసిన కవితకి తేదీ కూడా మౌనం పాటించింది. అన్నట్టు ఇంకో చరణం ఉండేది, అచ్చులో తీసేశాడు. 1823లో జెనోవా నుంచి బంధువు వరసైన లేడీ హార్డీకి రాసిన ఉత్తరంలో దాన్ని బయటపెట్టాడు. అందులో ‘ఫ్యానీ’ అని పేరు పెట్టి పిలుస్తాడు. ఒకరికి ద్రోహం చేసినట్టే చాలామందికి చేశావంటాడు. ఒకసారి పడిన ఆడది ఎప్పటికీ పడినట్టేనని తీర్పు చెప్తాడు. అచ్చమైన కచ్చ. అది ఉండి ఉంటే నీకు ఈ కవిత నీదే అనిపించేదా? అనిపించదు, ఒక మగవాడి తిట్టులా మిగిలేది. దాన్ని తీసేయడం వెనక పేరు దాచాలన్న జాగ్రత్త ఎంతుందో, మంచి కవి చెవి ఎంతుందో నేను చెప్పలేను గానీ, తీసేయడంతోనే ఇది కవిత అయిందని నా నమ్మకం. కచ్చ ఒకరి మీదకి వెళ్తుంది, ఎవరిదో ఒకరిదై ఉంటుంది. తీసేశాక మిగిలిన దుఃఖాన్ని ఎవరైనా తమదనుకోవచ్చు.

ఇక నీ సంగతి. ఈ కవిత నీకు చేయగలిగిన మేలు ఒకటుంది, చేసేసింది కూడా. నీకున్న బాధకి పేరేమిటో నీకు తెలియలేదు ఇన్నాళ్ళూ. విడిపోయి ఏడాది దాటినా ఇంకా ఎందుకు ఏడుస్తున్నానని నీ మీద నీకే విసుగు వచ్చి ఉంటుంది. విడిపోయిన రోజు తన గుండె సగమే పగిలిందని బైరన్ కూడా మొదటి చరణంలో అంటాడు. మిగతా సగం వార్త విన్నప్పుడు. నీకూ అంతే జరిగింది. అందులో వింతేమీ లేదు, బలహీనతా లేదు. నీ ప్రేమ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పరామర్శించలేదు, నువ్వు భోజనం మానేస్తే ఎందుకని అడగలేదు. జ్వరమొస్తే సెలవు చీటీ ఇస్తారు, దీనికి ఏ చీటీ లేదు.

కానీ కవిత ఎక్కడ ఆగిపోయిందో నువ్వూ అక్కడే ఆగాల్సిన పనిలేదు. ఆయనకి నోరు మూసుకోవాల్సిన కారణాలున్నాయి. ఆమెకి భర్త, తనకి భార్య, ఇద్దరికీ పరువు. నీకేముంది? నువ్వేమీ తప్పు చేయలేదు. అందుకని అందరికీ చెప్పమని కాదు. గ్రూపులో అస్సలు చెప్పకు. ఒక్కరిని ఎంచుకో. అక్కో, పిన్నో, హాస్టల్ రూమ్మేటో, కబుర్లు మోయని మనిషి ఎవరైనా సరే. ‘సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు’ అని ముందే చెప్పు. బైరన్‌కి లేడీ మెల్బోర్న్ ఉన్నట్టు నీకూ ఒక చెవి కావాలి. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది నీ ఇంటి మనుషులని బట్టి ఉంటుంది, అక్కడ నేను దూరను.

గ్రూపుని మ్యూట్‌లో పెట్టు. బయటికి వచ్చేస్తే ఎందుకని అడుగుతారు, నీకది ఇంకో టెన్షన్. మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. ఆ నవ్వే ఎమోజీలు మాత్రం ఇవాళే ఆపేయ్. ఏమీ పెట్టకపోవడం అబద్ధం కాదు. అక్కడ కట్నమనీ, ముందునుంచీ ఎవరితోనో తిరిగాడనీ అంటున్నవాళ్ళు కవితలోని ‘దే’. వాళ్ళ మాట మీద అతని గురించి తీర్పు రాసుకోకు. మంచివాడని అనమనడం లేదు, చెడ్డవాడనీ అనక్కరలేదు. నీకు నేరుగా తెలిసినంత వరకే తెలుసని ఉంచుకో. రెండు వందల ఏళ్ళ కింద ఒకాయన పుకారుని పట్టుకుని కవిత రాశాడు, బాగానే కుదిరింది. మనకి కవితలు కూడా మిగలవు.

నిద్ర పట్టక, తిండి సహించక, పుస్తకం తెరవలేక వారాలు గడుస్తుంటే మాత్రం స్నేహితురాలి చెవి ఒక్కటే సరిపోదు. టెలిమానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉంటే అక్కడికీ వెళ్ళు. ‘ప్రేమ విషయానికి కూడా వెళ్తారా’ అనుకోకు. వెళ్తారు.

మళ్ళీ ఎదురైతే ఎలా పలకరించాలన్న ప్రశ్నకి బైరన్‌కి దొరికిన జవాబు ఒక్కటే. మన దగ్గర ఇంకో జవాబు ఉంది, సరదాగా చదువు. ఇంగ్లిష్ రొమాంటిక్కుల ప్రభావం కూడా కలిసి వచ్చిన మన భావకవిత్వానికి ఆద్యుడని చెప్పే రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’ రాశారు. చిన్ననాటి నుంచి ప్రేమించుకున్నవాళ్ళు, ఆమెకి వేరే పెళ్ళయిపోతుంది, తర్వాత కలుసుకుంటారు. మౌనం లేదు, నిందలు లేవు. గడ్డిపోచ కంకణం సాక్షిగా ఆ ప్రేమని స్నేహంగా మార్చుకుంటారు. అంత శుభ్రమైన ముగింపు నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు, ఆ ఆదర్శం మోయడం మామూలు మనుషులకి కష్టం. అయినా రెండూ పక్కపక్కన చదివితే ఒకే సన్నివేశంలోంచి ఇద్దరు కవులు ఎంత వేరే దార్లు తీశారో తెలుస్తుంది. ఎం.ఏ.లో సెమినార్ పేపర్ ఏదైనా రాయాల్సి వస్తే ఇది మంచి టాపిక్ కూడా.

ఇప్పుడు పరీక్ష. కథ రెండు వాక్యాల్లో ముగించు, మీ సార్‌కి అది తెలుసు. వెంటనే మూడో చరణంలోకి వెళ్ళు. బాధకి మూలం విడిపోవడంలో కన్నా చెప్పుకోలేకపోవడంలో ఉందని నీ వాదన మొదటి పేరాలోనే పెట్టేయ్. తర్వాత అది పాదాల పొట్టితనంలో ఎలా వినిపిస్తుందో, చలి ఎలా చెంప నుంచి నుదుటికీ అక్కడి నుంచి ఒళ్ళంతా పాకిందో, కాలం ఎలా నిన్నటి నుంచి ఇవాళ్టికీ, ఇవాళ్టి నుంచి రాబోయే ఏళ్ళకీ నడిచిందో రాయి. ప్రతిదానికీ ఒక పాదం కోట్ చేయి, రెండు కాదు. ప్రశ్నలు రెండే ఉన్నాయన్న సంగతీ, ప్రాస తిరగబడిన సంగతీ చివరికి ఉంచుకో. అవి కళ్ళకి కనిపించే రుజువులు, వాటికి మార్కులు తీసేయడం ఏ ఎగ్జామినర్‌కీ తేలిక కాదు. వర్డ్స్‌వర్త్ వాక్యం వాడాలనుకుంటే ఈ కవిత దానికి ఎలా ఎదురు నడిచిందో చెప్పడానికే వాడు.

ఫ్రాన్సిస్ కథ, తీసేసిన చరణం, 1808 తేదీ ఇవన్నీ ఊరించే సంగతులు. ఒక్క వాక్యం చాలు. వాటి మీద పేజీ నింపితే మీ సార్ మళ్ళీ ఎర్ర ఇంకు తీస్తారు, ఆయన అడిగింది బైరన్ జీవితం గురించి కాదు కాబట్టి. బట్టీ పట్టడానికి ఒక చిట్కా. మొదటి చరణం నుంచి మొదలుపెట్టకు. చివరి చరణం ముందు కంఠతా పట్టి, అక్కడి నుంచి వెనక్కి రా. అలా చేస్తే నువ్వు ఏడ్చే చోటుకి వచ్చేసరికి ముందేం రాబోతోందో నీకు తెలిసే ఉంటుంది. జవాబు మళ్ళీ రాశాక, వీలుంటే నాకు పంపించు, చూస్తాను.